ఉత్తరములు వ్రాయుట మానిన పండితుడు
చైనా దేశపు జేమ్స్ యెన్ గారి జీవిత చరిత్ర



నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో ఒక గొప్ప దినమును గూర్చి మనము చదువుచున్నాము. యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట స్త్రీలు, పురుషులు, గ్రహింపగల వయస్సు వచ్చినవారు అందరును కూడియుండగా ఎజ్రా గ్రంథమును విప్పి చదివెను. చదువుటతోనే పని ముగియలేదు. లేవీయులు జనుల నడుమ నిలిచి, చదివినదానిని విడమరచి తెలియజెప్పిరి. జనులు మొదట ఏడ్చిరి. పిమ్మట తమకు తెలిసినదని సంతోషించుచు ఇండ్లకు వెళ్లిరి. గ్రంథము శాస్త్రి చేతిలోనుండి జనుల మధ్యకు దిగివచ్చిన దినమది.

అట్టి పనిని తన జీవితకాలమంతయు చేసిన ఒక మనుష్యుని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. ఆయన చైనా దేశస్థుడు, క్రైస్తవుడు. పేరు యెన్ యాంగ్‌చూ. మనవలెనే చైనావారును ఇంటిపేరు ముందు చెప్పుదురు గనుక యెన్ అనునది ఇంటిపేరు. లోకము ఆయనను జేమ్స్ యెన్ అని ఎరుగును. ఆయన చరిత్ర మొదట చదివినప్పుడు మేము ఒకచోట ఆగి, పుస్తకము మూసి, చాలసేపు కూర్చుంటిమి. ఆ చోటేదో కొంచెము ముందు చెప్పుదుము.

చదువు కొందరి సొత్తు

చైనాలో చదువు ఎంత కష్టమో తెలిసినగాని యెన్ గారి పని మనకు బోధపడదు. మన తెలుగులో అక్షరములును గుణింతములును నేర్చినవాడు ఏ మాటనైనను కూడబలుకుకొని చదువగలడు. చైనా భాషకు అట్టి అక్షరమాల లేదు. ఒక్కొక్క మాటకు, లేక మాటలోని ఒక్కొక్క భాగమునకు, వేరు వేరు గుర్తులున్నవి. 1716లో ఒక చక్రవర్తి ఆజ్ఞచేత ముగింపబడిన నిఘంటువులో 47,000కు పైగా గుర్తులు చేరినవి. అన్నియు ఎవరికిని రావు. అయినను పుస్తకము చదువవలెనన్న వేలకొలది గుర్తులు కంఠస్థము చేయవలెను. పొలము దున్నువానికి అంత తీరిక ఎక్కడిది?

అంతేకాదు, పుస్తకములలోని భాష వేరు, నోటి భాష వేరు. గ్రంథ భాష రెండు వేల సంవత్సరముల నాటిది. దానిని నేర్చినవారు రాజుగారి పరీక్షలకు కూర్చుండి, నెగ్గినవారు ఉద్యోగస్థులగుదురు. ఈ పరీక్షలు ఇంచుమించు 1,300 సంవత్సరములు నడిచి 1905లో ఆగిపోయెను. బీదవాని కుమారుడైనను పరీక్ష నెగ్గినయెడల మంత్రి కావచ్చునని చెప్పుదురు. అది నిజమే, ఆ పద్ధతిలోని మంచియు అదే. అయితే నెగ్గినవాడు తన ఊరు విడిచి పైకి పోవును, ఊరు మాత్రము ఎప్పటివలెనే యుండును. పండితుడు పొడవైన అంగీ తొడుగును. కొందరు తాము చేతులతో పని చేయువారము కామని తెలియుటకై గోళ్లు పొడవుగా పెంచుకొనిరి. చదువు నిచ్చెనయై యుండెనుగాని దీపమై యుండలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

యెన్ గారు 1890 తరువాతి సంవత్సరములు ఇంకను రాకమునుపో వచ్చిన పిమ్మటనో పుట్టెనని లెక్కలు కొంచెము భేదించుచున్నవిగాని, స్థలము తెలిసినదే. పడమటి చైనాలో సిచువాన్ రాష్ట్రమున కొండల నడుమనున్న బాజోంగ్ ఆయన జన్మస్థానము. తండ్రి పాత విద్యలు చదివిన పండితుడు. కాబట్టి బాలుడు మొదట ఇంటిలోనే ప్రాచీన గ్రంథములు వల్లెవేసెను. అయితే కాలము మారుచున్నదని గ్రహించిన పెద్దలు అతనిని ఇంటికి దూరముగానున్న చైనా ఇన్లాండ్ మిషను పాఠశాలకు పంపిరి. అక్కడ ఆయన లెక్కలు, భూగోళము, ఇంగ్లీషు నేర్చెను, క్రీస్తును ఎరిగెను. పిమ్మట చెంగ్డూలోని మెథడిస్టు మిషను పాఠశాలలోను, హాంకాంగ్ విశ్వవిద్యాలయములోను, తరువాత అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములోను చదివి 1918లో పట్టభద్రుడాయెను.

ఇంతవరకు ఈ కథలో విశేషమేమియు లేదు. మిషను పాఠశాలలో చదివి, పరదేశము వెళ్లి, పట్టము పుచ్చుకొని, ఉద్యోగమునకు తిరిగివచ్చినవారు ఆ కాలమున అనేకులు. యెన్ గారును అట్టివారిలో ఒకడై యుండవలసినవాడే. దేవుడు ఆయనను ఇంకొక పాఠశాలకు పంపెను. ఆ పాఠశాల ఫ్రాన్సు దేశములో, కూలీల గుడారముల మధ్య ఉండెను.

ఫ్రాన్సు దేశపు కూలీలు

అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని మనుష్యులు చాలక, చైనానుండి ఇంచుమించు 1,40,000 మంది కూలీలను తెచ్చుకొనిరి. వారిలో ఎక్కువమంది ఉత్తర చైనాలోని బీద రైతులు. వారు కందకములు త్రవ్విరి, ఓడల సరకు దింపిరి, బాటలు వేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మృతులను పాతిపెట్టిరి. వారికి సహాయము చేయుటకై వై.ఎం.సి.ఎ. వారు చదువుకొన్న చైనా యువకులను పిలిచిరి. యెన్ గారు యేల్‌లో పట్టము పుచ్చుకొన్న వెంటనే 1918లో ఓడ యెక్కి ఫ్రాన్సు చేరెను. బూలోన్ అను ఓడరేవు దగ్గర 5,000 మంది కూలీలున్న శిబిరము ఆయనకు అప్పగింపబడెను.

సాయంకాలము పని దిగగానే కూలీలు ఆయన గుడారము ఎదుట వరుస కట్టుచుండిరి. వారికి కావలసినది ఒక్కటే. ఇంటికి ఉత్తరము వ్రాసిపెట్టవలెను. సముద్రములకు ఆవల ఉన్న తల్లికి, భార్యకు, తాము బ్రతికియున్నామను మాట చేరవలెను. ఆయన ప్రతి రాత్రియు వ్రాసిపెట్టెను. ఎందరికి వ్రాసినను వరుస తరుగలేదు. ఆ ఉత్తరములు ఊరు చేరిన తరువాత కూడ అక్కడ చదువువారు లేక, ఇంటివారు మరియొక పండితుని గుమ్మము వెదకికొని పోవలసినదే. రెండు కొనలయందును అదే చీకటి.

ఒక దినమున యెన్ గారు కూలీలనందరిని సమకూర్చి, ఇక మీదట తాను ఉత్తరములు వ్రాయనని చెప్పెను. తమ ఉత్తరములు తామే వ్రాసికొనుటకు నేర్పెదననియు, నేర్వగోరువారు చేతులెత్తవలెననియు చెప్పెను. చాలమంది నవ్విరి. మోటు చేతులతో పార పట్టినవారికి కుంచె పట్టుట హాస్యాస్పదముగా తోచెను. అయినను సుమారు 40 మంది ముందుకు వచ్చిరి. పగలంతయు పని చేసి, రాత్రి దీపము వెలుగులో వారు ఒక్కొక్క గుర్తు నేర్చికొనిరి. నాలుగు నెలల పిమ్మట వారిలో 35 మంది పరీక్ష నెగ్గి, తమ ఇండ్లకు తమ చేతులతోనే వ్రాసికొనిరి. నవ్వినవారు అప్పుడు తమకును నేర్పుమని వచ్చిరి. మొదట నేర్చినవారు తరువాతివారికి ఉపాధ్యాయులైరి. త్వరలోనే ఈ పద్ధతి ఇతర శిబిరములకును వ్యాపించెను.

ప్రియులారా, మేము పుస్తకము మూసివేసిన చోటు ఇదియే. ఎందుకనగా మేమును మా గ్రామములో చదివిపెట్టువారమే. ఒకప్పుడు ఉత్తరములు తెచ్చెడివారు. ఇప్పుడు బ్యాంకు కాగితములు, ఆసుపత్రి చీటీలు, ఫోనులో వచ్చిన సందేశములు తెచ్చుచున్నారు. మేము విసుగుకొనక చదివిపెట్టుచున్నాము. అది సేవయే అని అనుకొంటిమి, సేవయే కూడ. కాని ఒక వితంతువు పది సంవత్సరములనుండి అదే బ్యాంకు పుస్తకము మా యొద్దకు తెచ్చుచున్నది. ఆ పది సంవత్సరములలో ఆమెకు అంకెలైనను నేర్పుదమని మాకు ఒక్కసారియు తోచలేదు. ఎందుకు తోచలేదు? నిజము చెప్పవలెనన్న, ఆమె మా గుమ్మము ఎదుట నిలుచుట మాకు అలవాటైపోయెను. ఆ అలవాటులో కొంత గర్వమును కలిసియున్నది. యెన్ గారు ఉత్తరములు వ్రాయుట మానినది కనికరము తక్కువై కాదు, కనికరము ఎక్కువైయే.

కష్టము, బలము

కూలి అను మాటను చైనావారును పలుకుదురు. వారు దానిని రెండు గుర్తులతో వ్రాయుదురు. మొదటిదానికి చేదు లేక కష్టము అనియు, రెండవదానికి బలము అనియు అర్థము. లోకము ఆ మనుష్యులలో కష్టమునే చూచెను. యెన్ గారు బలమును చూచెను. వీరికి లేనిది బుద్ధి కాదనియు, అవకాశమే అనియు ఆయనకు తెలిసెను. అంతకంటె కఠినమైన ఇంకొక సత్యమును ఆయనకు బోధపడెను. తాను ఇన్ని పాఠశాలలలో చదివియు తన సొంత జనులను గూర్చి ఏమియు ఎరుగననియు, అజ్ఞానము పండితులలోను ఉన్నదనియు ఆయన ఒప్పుకొనెను. స్వదేశమునకు తిరిగి వెళ్లిన తరువాత ధనమునకు గాని అధికారమునకు గాని పాటుపడక, ఈ జనుల చదువు కొరకే బ్రతుకుదునని ఆయన అప్పుడే తీర్మానించుకొనెను.

1919లో ఆయన కూలీల కొరకు సులభమైన భాషలో ఒక వారపత్రిక ప్రారంభించెను. కొంతకాలమునకు ఒక కూలీయొద్దనుండి ఉత్తరము వచ్చెను. పత్రిక వలన తనకు లోకము తెలిసినదనియు, ఇంత తక్కువ వెలకు అమ్మినయెడల అది నిలిచిపోవునేమోయని భయపడుచున్నాననియు వ్రాసి, అతడు తాను ఫ్రాన్సులో కూడబెట్టిన 365 ఫ్రాంకులు పంపెను. ఆ సొమ్ము వలన పత్రికకు కలిగిన సహాయము కొంచెమే. యెన్ గారికి కలిగిన ధైర్యము గొప్పది. బీద విధవరాలి రెండు కాసుల కథను మార్కు సువార్తలో చదివినవారికి దీని భావము వేరుగా చెప్పనక్కరలేదు.

వెయ్యి గుర్తుల పుస్తకము

యెన్ గారు అమెరికాలో ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున ఇంకొక పట్టము పుచ్చుకొని 1920లో చైనాకు తిరిగివచ్చెను. 1921లో న్యూయార్కునందలి చైనా సంఘపు పాదిరిగారి కుమార్తె యైన ఆలిస్ హ్యూయీ గారిని వివాహమాడెను. వై.ఎం.సి.ఎ. వారి క్రింద జనసామాన్య విద్యా విభాగమును నడుపుటకు ఆయన నియమింపబడెను.

మొదటి పని పుస్తకము తయారుచేయుట. ఆయనయు తోటివారును సామాన్యులు ఎక్కువగా వాడుకొను మాటలను లెక్కించి, సుమారు 1,000 గుర్తులను ఏర్పరచిరి. వాటితోనే నాలుగు చిన్న వాచకములు వ్రాయబడెను. అన్నియు కలిసి 96 పాఠములు; దినమునకు ఒక గంట చొప్పున నాలుగు నెలలలో ముగియును. గ్రంథ భాష విడిచి జనులు మాటలాడు భాషలోనే వ్రాసిరి. ఆ దినములలో చైనా పండితులలో కొందరు నోటి భాషయే వ్రాతకు తగినదని వాదించుచుండిరి. యెన్ గారు ఆ వాదము ముగియువరకు కాచుకొనియుండక, ఆ భాషను కూలివాని చేతికి అందించెను.

1922లో హూనాన్ రాష్ట్రపు ముఖ్య పట్టణమైన చాంగ్షాలో పెద్ద ప్రయత్నము జరిగెను. గోడలమీద ప్రకటనలు అతికించిరి. విద్యార్థులు వీధులలో ఊరేగిరి. పట్టణమును భాగములుగా విభజించి, ఇంటింటికి వెళ్లి చదువురానివారిని పిలిచిరి. గుళ్లలో, చర్చీలలో, దుకాణములలో, ఇండ్ల వసారాలలో బడులు పెట్టిరి. ఉపాధ్యాయులు జీతము లేక పనిచేసిరి. వెయ్యిమందికి పైగా చేరగా, తొమ్మిది వందలకు పైగా పరీక్ష నెగ్గిరి. వారిలో రిక్షా లాగువారు, పనివాండ్రు, అప్రెంటిసులు ఉండిరి. ఆ పట్టణమున ఈ విద్యా ప్రయత్నములో పాల్గొన్న యువకులలో మావో జెడోంగ్ ఒకడు. ఆయన తరువాత చైనాకు ఏలికయాయెను.

1923లో బీజింగులో జాతీయ జనవిద్యా సంఘము స్థాపింపబడెను. మాజీ ప్రధానమంత్రి భార్యయైన జూ ఛీహ్వీ గారును, టావ్ షింగ్‌జీ అను గొప్ప విద్యావేత్తయు స్థాపకులలో ముఖ్యులు. యెన్ గారు ప్రధాన కార్యదర్శి యాయెను.

పల్లెకు వెళ్లుట

పట్టణములలో పని సాగుచుండగా యెన్ గారికి నెమ్మది లేకపోయెను. చైనా జనులలో అధిక సంఖ్యాకులు పల్లెలలో నున్నారు. పల్లెను విడిచిన విద్య చైనా విద్య కాదు. కాబట్టి 1926లో వారు బీజింగునకు దక్షిణమున డింగ్ అను తాలూకాను ఏర్పరచుకొనిరి. అందులో సుమారు 4,00,000 మంది జనులు, 400కు పైగా గ్రామములు ఉండెను. 1929లో యెన్ గారు తన కుటుంబముతో సహా ఆ దుమ్ము ఊరికి కాపురము వచ్చెను. న్యూయార్కులో పెరిగిన ఆలిస్ గారు మట్టి గోడల నడుమ పిల్లలను పెంచిరి. పరదేశములలో పెద్ద పట్టములు పొందిన అనేకులు కుటుంబములతో ఆయన వెంట వచ్చిరి. పండితులు నిచ్చెన యెక్కుట చైనా చూచియుండెను. ఇట్లు గుంపుగా దిగి వచ్చుట చూచియుండలేదు.

వారు వచ్చినది నేర్పుటకేగాని మొదట నేర్వవలసి వచ్చెను. పల్లెవారి మాట, పంట, అప్పు, రోగము ఏదియు వారికి తెలియదు. ఇంటింటి లెక్కలు వ్రాసికొనుటకే సంవత్సరములు పట్టెను. అక్షరము వచ్చినను కడుపు నిండదనియు, చదువనేర్చిన రైతు చదువుటకు ఏమియు లేనియెడల నేర్చినది మరచుననియు వారు కనుగొనిరి. చైనా పల్లెకు నాలుగు కష్టములున్నవని వారు నిర్ణయించిరి. అవేవనగా అజ్ఞానము, బీదతనము, రోగము, ఎవరి స్వార్థము వారు చూచుకొనుట. ఈ నాలుగును ఒకదాని చేయి ఒకటి పట్టుకొనియున్నవి గనుక ఒక్కదానిని విడదీసి తీసివేయుట సాధ్యము కాదు. కాబట్టి అక్షరములతోపాటు జీవనోపాధి, ఆరోగ్యము, గ్రామ పరిపాలన అనువాటిని కలిపి నేర్పిరి.

రాత్రి బడిలో నెగ్గినవారు ఊరిలో ఒక సంఘముగా కూడిరి. వారికొరకు రైతుల పత్రిక అచ్చువేయబడెను. మంచి ప్రత్తి విత్తనములు, మేలుజాతి పందులు, కోళ్లు పరీక్షించి రైతులకు ఇచ్చిరి. అప్పు కొరకు సహకార సంఘములు పెట్టిరి. రైతులే వేషములు కట్టు నాటకములు ఆరుబయట ఆడించిరి.

అన్నిటికంటె గొప్ప పని ఆరోగ్య విషయములో జరిగెను. తాలూకాలో సుమారు సగము గ్రామములలో ఏ విధమైన వైద్యుడును లేడు. డాక్టర్లను తెచ్చుటకు సొమ్ము లేదు. అప్పుడు చెన్ జీచియెన్ అను డాక్టరు గారు ఒక మార్గము కనుగొనెను. రాత్రి బడిలో చదివిన రైతునే ఒకనిని ఏర్పరచి, కొద్ది దినముల తర్ఫీదు ఇచ్చి, కొన్ని సామాన్యమైన మందులుగల పెట్టెను అతని చేతికిచ్చిరి. అతడు మశూచి టీకాలు వేయును, గాయములు కట్టును, నూతుల నీరు శుభ్రపరచును, ఊరిలోని జననములను మరణములను వ్రాసిపెట్టును. తన చేతకాని రోగిని పై వైద్యశాలకు పంపును. చదువు ఎందుకని అడుగువారికి ఇంతకంటె మంచి జవాబు లేదు. నిన్నటి వరకు తన పేరు వ్రాయలేనివాడు నేడు ఊరి పిల్లల ప్రాణములు కాచుచున్నాడు. చాల సంవత్సరముల పిమ్మట చైనా పల్లెలలో ప్రసిద్ధికెక్కిన చెప్పులు లేని డాక్టర్లకు ఈ గ్రామ ఆరోగ్య సేవకులు పూర్వికులని చెప్పుదురు.

లోపములు లేకపోలేదు. ఈ పనికి చాల ధనము అమెరికానుండి వచ్చెను. అంత ధనము లేని తాలూకా ఏమి చేయవలెనని కొందరు అడిగిరి. భూమి లేనివానికి భూమి సంగతి ఏమని మరికొందరు అడిగిరి. ఇవి న్యాయమైన ప్రశ్నలే. యెన్ గారు వీటికి పూర్తిగా జవాబు చెప్పకముందే యుద్ధము వచ్చెను.

చెదరిన పని

1937లో జపానువారి సైన్యములు ఉత్తర చైనాలో ప్రవేశించెను. డింగ్ తాలూకా వారి చేత చిక్కెను. పది సంవత్సరముల పని కొద్ది వారములలో చెదరిపోయెను. యెన్ గారును తోటివారును దక్షిణమునకును పిమ్మట పడమటికిని తరలి, 1940లో చుంగ్‌కింగు సమీపమున గ్రామ పునర్నిర్మాణ కళాశాల స్థాపించిరి. 1943లో కోపర్నికసు మరణించి 400 సంవత్సరములైన సందర్భమున న్యూయార్కులో పదిమందిని సన్మానించినప్పుడు, ఐన్‌స్టయిను గారి సరసన యెన్ గారికిని ఆ గౌరవము దక్కెను. 1948లో ఆయన ప్రయత్నముచేత అమెరికా శాసనసభ చైనాకిచ్చు సహాయములో కొంత భాగమును గ్రామముల కొరకు ప్రత్యేకించెను. అయితే అప్పటికే దేశము అంతర్యుద్ధములో మునిగియుండెను. 1949లో ప్రభుత్వము మారెను. యెన్ గారు స్వదేశము విడిచెను.

ఆ తరువాత చైనాలో ఆయన పేరు నిందింపబడెను. ఆయన పుస్తకములు మూలపడెను. ఏ జనుల కొరకు బ్రతికెనో ఆ జనుల యొద్దకు పోవుటకు ఇంచుమించు 36 సంవత్సరములు వీలుకాలేదు. ఇట్టి స్థితిలో మనమైనయెడల ఏమి చేసియుందుము? చేసినదంతయు వ్యర్థమని కూర్చుండియుందుము. యెన్ గారు కూర్చుండలేదు. 1952లో ఫిలిప్పీను దీవులలో గ్రామ పునర్నిర్మాణ ఉద్యమము ప్రారంభించుటకు తోడ్పడెను. 1960లో ఆయనకు మెగసెసే బహుమానము లభించెను. అదే సంవత్సరమున ఆ దేశములోనే అంతర్జాతీయ గ్రామ పునర్నిర్మాణ సంస్థ ఏర్పడెను. దాని ద్వారా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశములవారు ఆయన పద్ధతులు నేర్చికొనిరి. ఒక పొలము చేజారినప్పుడు విత్తువాడు గంపతో ఇంకొక పొలమునకు వెళ్లెను.

1985లో చైనా ప్రభుత్వమే ఆయనను ఆహ్వానించెను. ముసలితనమున ఆయన మరల స్వదేశపు నేల త్రొక్కి డింగ్ తాలూకాను చూచెను. 1990 జనవరి 17న న్యూయార్కులో నిద్రించెను. 2003లో ఆ తాలూకాలోని ఒక గ్రామమున ఆయన పేర గ్రామ పునర్నిర్మాణ విద్యాలయము ఒకటి తెరువబడి, కొన్ని సంవత్సరములు నడిచెను. నిందింపబడిన పేరు అదే ఊరిలో తలుపుమీద వ్రాయబడెను.

నేటి చైనాలో చదువు

యెన్ గారి కలలో ఒక భాగము నేడు నెరవేరియున్నది. క్రొత్త ప్రభుత్వము పెద్ద యెత్తున అక్షరాస్యత పని చేసెను. 1956లో కష్టమైన గుర్తులను తేలిక చేసిరి. 1986 చట్టము వలన 9 సంవత్సరముల చదువు పిల్లలందరికిని విధిగా ఏర్పడెను. 2020 జనాభా లెక్కల ప్రకారము చదువురానివారు నూటికి ముగ్గురికంటె తక్కువ. ఫ్రాన్సు గుడారముల యెదుట నిలిచిన ఆ వరుసను తలంచుకొన్నయెడల ఇది సామాన్యమైన మార్పు కాదు. మేలు ఎవరు చేసినను మేలే అని ఒప్పుకొనవలెను.

అయితే రెండవ భాగము మిగిలియున్నది. ప్రతి సంవత్సరము జూన్ నెలలో చైనా యువకులు కళాశాల ప్రవేశ పరీక్షకు కూర్చుందురు. 2024లో 1 కోటి 30 లక్షలకు పైగా పేర్లు నమోదైనవి. ఆ ఒక్క పరీక్షమీదనే కుటుంబముల ఆశ అంతయు నిలిచియుండును. ఆ దినములలో పరీక్షాస్థలముల దగ్గర బండ్లు హారను మ్రోగింపకుండ చూచుదురు. తల్లిదండ్రులు దూరపు పట్టణములలో పనికి పోగా, పల్లెలలో తాతల అవ్వల యొద్ద పెరుగు పిల్లలు లక్షలకొలది ఉన్నారు. ఆ తల్లిదండ్రులు పోయినది చాలవరకు ఈ పిల్లల చదువు కొరకే. పల్లె పిల్లవానికిని పట్టణపు పిల్లవానికిని దొరకు బడి ఒక్కటి కాదు. నెగ్గినవాడు పోవును, ఊరు మిగులును. పాత నిచ్చెనయే క్రొత్త రంగుతో నిలువబడినట్లున్నది. చదువు మనుష్యుని ఊరినుండి తప్పించుటకా, ఊరిని నిలువబెట్టుటకా అని యెన్ గారు అడిగిన ప్రశ్న ఇంకను జవాబు కొరకు కాచుకొనియున్నది.

మన ధ్యానమునకు

ఆ ప్రశ్న చైనా దేశమునకు మాత్రమే కాదు. మన పిల్లలు చదువుకొని పట్టణములకు పోవుచున్నారు. పోవలదని మేము చెప్పుట లేదు. పోయినవారి ఉత్సాహము చూచి దేవుని స్తుతించుచున్నాము. కాని సంఘములో వెనుక బల్లమీద గ్రంథమును తలక్రిందులుగా పట్టుకొని కూర్చుండు అవ్వను మనము ఎరుగుదుము. పాటల పుస్తకము తెరచినట్లు నటించు అన్నను ఎరుగుదుము. చదువురాదని చెప్పుటకు వారికి సిగ్గు. అడుగుటకు మనకు తీరిక లేదు. ఫిలిప్పు రథము ప్రక్కన పరుగెత్తి వెళ్లి, చదువుచున్నవానికి గ్రహింపు కలిగినదో లేదో అడిగెనని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చెప్పుచున్నది. మనము ఒక్కసారి వెనుక బల్ల వరకైనను నడువలేమా?

యెన్ గారి పనిలో గమనింపదగినది ఆయన ఎంతమందికి నేర్పెననునది కాదు. 40 మందితో ఆరంభించెను. నేర్చినవాడు నేర్పునట్లు చేసెను. తన అవసరము ఎదుటివానికి తీరిపోవునట్లు పని చేసెను. మంచి ఉపాధ్యాయునికిని, మంచి పాదిరికిని ఇదియే గురుతు అని మేము అనుకొనుచున్నాము. ఇది వ్రాయుట మాకు సులభము కాదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు వారము ఆ వితంతువు మరల బ్యాంకు పుస్తకము తెచ్చెను. మేము చదివిపెట్టి, పిమ్మట అంకెలు ఒకటి మొదలు పది వరకు ఒక కాగితముమీద వ్రాసియిచ్చితిమి. ఈ వయస్సులో తనకెందుకని ఆమె నవ్వెను. బూలోన్ శిబిరములోని కూలీలును మొదట నవ్విరి గదా. మూడు దినములైన పిమ్మట ఆమె మూడు అంకెలు గురుతుపట్టెను. ఏడవ అంకెయు ఒకటవ అంకెయు ఆమెకు ఇంకను కలిసిపోవుచున్నవి. వచ్చే వారము మరల కూర్చుందుము.